దుష్టరాజ్యము - ప్రహ్లాదుని మార్గము

మానవుడు సుఖమును కోరు జీవి. ఆ సుఖము తన ఇంటి నాలుగు గోడల నడుమ మాత్రమే నిలువదనియు, సంఘమంతయు ధర్మబద్ధమై యున్నప్పుడే వ్యక్తికి శాంతి చేకూరుననియు అతడు అతి ప్రాచీనకాలముననే గ్రహించెను. అందువలననే ప్రతి జాతియు తన మనస్సులో ఒక ఆదర్శరాజ్యమును నిర్మించుకొన్నది. భారతీయులకు అది రామరాజ్యము. అకాలమరణములు లేని రాజ్యము, బలవంతుడు బలహీనుని పీడింపని రాజ్యము. పాశ్చాత్యులలో థామస్ మోర్ 1516లో ‘యుటోపియా’ అను గ్రంథమున ఒక ద్వీపమును ఊహించి, అందలి జనుల జీవనవిధానమును వర్ణించెను. ఆ పేరునకు ‘ఎచ్చటను లేని చోటు’ అని అర్థము.

వెలుగున్నచోట నీడయు నుండును గదా! ఆదర్శరాజ్యమును ఊహించిన మానవుడే దానికి విపరీతమైన దుష్టరాజ్యమును గూడ ఊహించెను. దీనిని పాశ్చాత్యులు ‘డిస్టోపియా’ అందురు. 1868లో ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూఅర్ట్ మిల్, ఐర్లండు విషయమై బ్రిటిష్ పార్లమెంటులో జరిగిన చర్చయందు, ఈ భావము గల పదమును ప్రయోగించెను. పదము క్రొత్తదియే కాని విషయము క్రొత్తది కాదు. మన పురాణములు దానిని ఎన్నడో చెప్పినవి. మన పల్లెలు దానిని కన్నులార చూచినవి. దుష్టరాజ్యము ఎట్లు పుట్టును? ఎవరి బలముచే నిలుచును? అన్నింటికంటె ముఖ్యముగ, అది కూలిన దినమున దానిచే బాధింపబడినవారు ఏమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలు ధర్మజిజ్ఞాసువులెల్లరు విచారింపదగినవి.

హిరణ్యకశిపుని పాలన

శ్రీమద్భాగవత సప్తమస్కంధమున వర్ణింపబడిన హిరణ్యకశిపుని రాజ్యమును భక్తులు సాధారణముగ ప్రహ్లాదుని కథకు పూర్వరంగముగ మాత్రమే చదువుదురు. కాని ఒక పాలనావిధానముగ దానిని పరిశీలించినచో, దుష్టరాజ్య లక్షణములన్నియు అందు క్రమముగ గోచరించును.

మొదటి లక్షణము: పాలకుడు దైవస్థానమును ఆక్రమించుట. హిరణ్యకశిపుడు సోమరి కాడు, ఘోరతపస్సు చేసినవాడు. నియమము, దీక్ష, సహనము అతనియందు పుష్కలముగ నున్నవి. లేనిది వినయమొక్కటే. తపస్సు వలన లభించిన శక్తిని అతడు లోకరక్షణకు గాక, తనకంటె పైన ఎవ్వరును ఉండరాదను కోరికకు వినియోగించెను. దుష్టరాజ్యములు దుర్బలుల వలన గాక, తమ సంకల్పమే ధర్మమని నమ్మిన దీక్షాపరుల వలన పుట్టుచుండుట ఇందలి సూక్ష్మము.

రెండవ లక్షణము: నాలుకపై, విద్యపై అధికారము. హరినామము అతని రాజ్యమున నేరము. శుక్రాచార్యుని పుత్రులైన చండామార్కుల పాఠశాలయందు బాలురకు ఏది నేర్పవలెనో, ఏది నేర్పరాదో రాజాజ్ఞయే నిర్ణయించెను. మనుష్యుని శరీరమును బంధించుట సులభము; మనస్సును బంధింపవలెనన్నచో బాల్యముననే పట్టవలెనని ఆ అసురుడు ఎరిగియుండెను.

మూడవ లక్షణము: భయమును పంచుట. ఏనుగులను తోలినవారు, విషమును కలిపినవారు, అగ్నిని రగిల్చినవారు, కొండపైనుండి త్రోసినవారు - వీరందరు ఆ రాజ్యపు ఉద్యోగులు. హిరణ్యకశిపుడు ఆజ్ఞ యిచ్చినాడు. చేతులు మాత్రము ఇతరులవి. ఎంతటి క్రూరుడైనను ఒక్కడే దుష్టరాజ్యమును నడపజాలడు. ఆజ్ఞను అమలుపరచు వందల చేతులు, చూచి మౌనము వహించు వేల కన్నులు అతనికి అవసరము.

నవలలలోని చీకటి

ఇరువదవ శతాబ్దమున పాశ్చాత్య రచయితలు పెక్కురు ఇదే విషయమును నవలలుగ వ్రాసిరి. రష్యా రచయిత జమ్యాతిన్ వ్రాసిన ‘మేము’ అను నవల 1924లో ఆంగ్లానువాదముగ వెలువడెను. అందు మనుష్యులకు పేర్లుండవు. సంఖ్యలు మాత్రమే యుండును. వారి ఇండ్లు గాజు గోడలతో కట్టబడినవి. 1932లో ఆల్డస్ హక్స్‌లీ వ్రాసిన నవలయందు ఎవరికిని కష్టముండదు. దుఃఖము కలిగినచో ‘సోమ’ అను మాత్ర మ్రింగి మరచిపోవుదురు. వేదములందలి సోమము పేరును ఆ మాత్రకు పెట్టుట గమనింపదగినది. యజ్ఞమున దేవతలకు అర్పింపబడిన దానిని ఆ రాజ్యము మత్తుమందుగ మార్చినది. భోగమే సంకెలయైనప్పుడు బానిస తన బానిసత్వమును ప్రేమించునని ఆ గ్రంథకర్త హెచ్చరిక.

జార్జి ఆర్వెల్ బీహారు రాష్ట్రమందలి మోతీహారిలో 1903లో జన్మించినవాడు. అతని ‘1984’ అను నవల 1949లో ప్రకటింపబడెను. ఆ రాజ్యమున ప్రతి గదిలోను పాలకుని కన్ను ఉండును. గడచిపోయిన చరిత్రను అనుదినము తిరిగి వ్రాయుదురు. భాషలోని పదములను ఏటేట తగ్గించుచుందురు; స్వేచ్ఛ అను భావమునకు పదమే లేనప్పుడు ఆ కోరికయు నశించునని వారి లెక్క. కథానాయకుడు మొదట ఎదిరించును. చిట్టచివరకు తనకు అత్యంత భయంకరమైన దానిని ఎదుట నిలిపినప్పుడు, తాను ప్రేమించిన స్త్రీనే ఆ బాధకు అప్పగింపుడని వేడుకొనును. భయముచేత మనుష్యుని లోపలి భాగమును పూర్తిగ ఖాళీ చేయవచ్చునని ఆ నవల చెప్పుచున్నది.

ప్రహ్లాదోపాఖ్యానము దీనికి సమాధానము. భయము చేరజాలని చోటొకటి జీవునియందు కలదనియు, అది రాజుదియు కాదు, తండ్రిదియు కాదనియు, అందు వసించువాడు సర్వేశ్వరుడనియు భాగవతము ఘోషించుచున్నది. నవల చెప్పినది నిజమా, పురాణము చెప్పినది నిజమా అని ప్రశ్నించువారు చరిత్రను చూడవలెను. అందుకొరకు దూరదేశములకు పోనక్కరలేదు. తెలంగాణమందలి ఒక మారుమూల ప్రాంతము చాలును.

మూడు భాషల కూడలి

కామారెడ్డి జిల్లా, బాన్సువాడ రెవెన్యూ డివిజనునందు జుక్కల్ కలదు. ఇది తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు కలిసికొను కూడలి. ఒకే సంతలో మూడు భాషలు వినవచ్చును. ఈ మండలమందలి కౌలాస్ కోట పెక్కు పాలనలను చూచినది. నిజాము ఏలుబడిలో జుక్కల్, బిచ్కుంద సర్కిళ్ళు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాకు చెందియుండెను. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు అవి నిజామాబాదు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడగా అందు చేరినవి. సరిహద్దులు మారినవి, భూమియు, దానిని దున్నిన జనులును మారలేదు.

హైదరాబాదు సంస్థానము సుమారు 82 వేల చదరపు మైళ్ళ వైశాల్యము గలది. 1941 జనాభా లెక్కల ప్రకారము అందు 1 కోటి 63 లక్షలమంది నివసించుచుండిరి. భూమిలో నూటికి 60 పాళ్ళు ప్రభుత్వపు దివానీ క్రిందను, సుమారు 10 పాళ్ళు నిజాము స్వంత ఖర్చులకై కేటాయింపబడిన సర్ఫెఖాస్ క్రిందను, మిగిలినది జాగీర్దారులు మున్నగువారి క్రిందను ఉండెను. దివానీ గ్రామములలో గూడ దేశముఖులు, పటేలు పట్వారీలు సర్వాధికారము చెలాయించిరి. రాజు హైదరాబాదులో నుండెను. పల్లెకు మాత్రము గడీలోని దొరయే రాజు, దొరయే న్యాయాధిపతి.

ఆ గడీ ముందు జరిగినది వెట్టి. కుమ్మరి కుండలు ఊరక ఇయ్యవలెను. చాకలి బట్టలుతికి, ఇంటిపని చేయవలెను. మాదిగ చెప్పులు కుట్టి, తోలుసామాను సిద్ధపరుపవలెను. గొల్ల మేకపిల్లను, సాలె బట్టను, గౌడు కల్లును సమర్పింపవలెను. దొర బండిలో పోవునప్పుడు దాని ముందు పరుగెత్తుటకు మనుష్యులు కావలెను. దొరసాని పల్లకి మోయుటకు భుజములు కావలెను. దొర కుమార్తె అత్తవారింటికి పోవునప్పుడు ఆమె వెంట పేదింటి పిల్లను ‘ఆడబాప’గ పంపుదురు, ఆ పిల్లకు వివాహము లేదు, ఇల్లు లేదు, తనదనదగిన దినమొక్కటియు లేదు. అప్పు తీర్చుటకై తరతరములుగ ఒకే ఇంట పనిచేయు ‘భగేలా’ పద్ధతియు నుండెను. వెట్టిని నిషేధించు ఉత్తర్వులు నిజాము ప్రభుత్వమే వెలువరించినది. భగేలా ఒప్పందములను నియంత్రించుటకు 1936లో ఒక శాసనమును గూడ చేసినది. కాని ఆజ్ఞలు కాగితముపై నుండెను; కొరడా దొర చేతిలో నుండెను.

భాషను హరించి మనస్సును హరించుటను ఆర్వెల్ ఊహించి వ్రాసెను. తెలంగాణ పల్లెలలో అది ప్రత్యక్షముగ జరిగినది. దొర ఎదుట నిలిచిన రైతు ‘నేను’ అనుటకు వీలులేదు. ‘నీ బాంచెను’ అనవలెను. బాంచెయనగా దాసి. అనగా మనుష్యుడు తన్ను తాను చెప్పుకొనుటకు ఉత్తమపురుష సర్వనామము సైతము మిగులలేదు. ‘కాల్మొక్కుత’ అను మాట భగవంతుని సన్నిధిలో పలుకవలసినది. అది గడీ అరుగు ముందు పలుకబడినది. దాశరథి రంగాచార్యులు ఈ వ్యవస్థపై 1969లో వెలువరించిన నవలకు ‘చిల్లర దేవుళ్ళు’ అని పేరు పెట్టుట ఎంతో సార్థకము. దైవస్థానమునకు ఎగబ్రాకిన మానవుడు దేవుడు కాజాలడు. చిల్లర దేవుడు మాత్రమే కాగలడు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ అను నవలయందు ఇదే జీవితమును చిత్రించెను. ఈ రెండు నవలలు ఊహాలోకములు కావు. తాము చూచిన దానిని ఆ రచయితలు కథగ మలచిరి.

నోటికి తాళము

హిరణ్యకశిపుని రెండవ లక్షణము గూడ ఇచ్చట కానవచ్చును. సభలు జరుపుటకు ముందుగ అనుమతి పొందవలెనని నిర్బంధించు ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తర్వు సంస్థానమున అమలులో నుండెను. 1921లో హైదరాబాదున జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున ప్రసంగింపగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావు మున్నగు పెద్దలు గ్రంథాలయములను స్థాపించిరి. వెట్టికి వ్యతిరేకముగ నున్న ప్రభుత్వోత్తర్వులను అచ్చువేయించి, గ్రామస్థులకు వారి హక్కులను తెలియజెప్పిరి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. 1937లో నిజామాబాదున ఆరవ మహాసభ జరిగినది. ఆ నిజామాబాదు చెరసాలలోనే దాశరథి కృష్ణమాచార్యులు, ఆళ్వారుస్వామి బంధింపబడిరి. కాగితమును కలమును ఇయ్యనిచోట దాశరథి బొగ్గుముక్కతో గోడపై పద్యము వ్రాసెను. చండామార్కుల పాఠశాలలో గురువులు లేని సమయమున ప్రహ్లాదుడు తోటి బాలురకు ఉపదేశించుటకును, ఈ గోడ వ్రాతకును భేదమెంత?

1947 తరువాత సంస్థానమున భయము పరాకాష్ఠనందినది. కాశిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు పల్లెలపై పడి దోచిరి, చంపిరి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో పెక్కుమందిని హతమార్చిరి. సంస్థానము భారతదేశమున కలియవలెనని వ్రాసిన ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను ఆగస్టు 21 రాత్రి కాల్చి, చేతిని నరికిరి. అతడు మహమ్మదీయుడు, తన మతమువారి పేర జరుగుచున్న అధర్మమును తన కలముతో ఎదిరించినవాడు. సత్యము పలుకు సాహసము ఏ ఒక్క మతమునకు చెందిన సొత్తు కాదనుటకు అతని మరణమే నిదర్శనము.

సెప్టెంబరు 13న భారతసేనలు ప్రవేశించినవి; 17న నిజాము లొంగిపోయెను. స్తంభము పగిలినది, అసురరాజ్యము కూలినది. కథ ఇచ్చట ముగిసియున్నచో ఎంత బాగుండెడిది!

అసురుడు పడిన మరునాడు

నిజాము లొంగిన పిమ్మట నవంబరు, డిసెంబరు నెలలలో పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అను ముగ్గురు సభ్యుల సంఘము సంస్థానమందలి 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగి ఒక నివేదిక వ్రాసినది. ఆ నివేదిక చిరకాలము ప్రకటింపబడక, 2013లో మాత్రమే పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చెను. సైనికచర్య సమయమునను, తదనంతరమునను మహమ్మదీయులపై భయంకరమైన ప్రతీకారము జరిగెననియు, సంస్థానమంతట కనీసము 27 వేలనుండి 40 వేల ప్రాణములు పోయియుండుననియు అందు అంచనా వేయబడినది. అత్యధికముగ దెబ్బతినిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడ్. అనగా నాడు జుక్కల్ చేరియున్న జిల్లా వాటిలో నొకటి. ఈ నాలుగు జిల్లాలే అంతకుముందు రజాకార్లకు ప్రధానస్థావరములై, అత్యధికముగ బాధపడినవని గూడ ఆ నివేదిక చెప్పినది.

ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. ఎచ్చట బాధ అధికమో అచ్చటనే ప్రతీకారమును అధికము. చంపబడినవారిలో పెక్కురు రజాకార్లు కారు. నేతగాండ్రు, రైతులు, చిన్న వర్తకులు. వారి తప్పు వారి పేరు మాత్రమే. దుష్టరాజ్యము కూలినంత మాత్రమున దుష్టత్వము కూలదు. గడీనుండి బయటపడి, బాధితుని హృదయమున అది క్రొత్తగ గూడు కట్టుకొనును.

పురాణకర్త ఈ విషయమును ఎరుగనివాడు కాడు. భాగవత చతుర్థస్కంధమున వేనుని కథ కలదు. తానే దేవుడనని చాటి, యజ్ఞములను నిషేధించిన వేనుని ఋషులు తమ హుంకారముచే సంహరించిరి. న్యాయమే. కాని తరువాత ఏమైనది? దిక్కులందు దుమ్ము లేచుట ఋషులు చూచిరి. అది ఏమి? రాజులేని లోకమున దోపిడికాండ్రు పరుగెత్తగా లేచిన ధూళి. దుష్టుని తొలగించుట ధర్మములో సగము మాత్రమే. లేచిన ధూళిని అణచుట మిగిలిన సగము. అందుకొరకే పృథుచక్రవర్తి అవతరింపవలసివచ్చెను. అతడు చేసిన పని భూమినుండి అన్నమును పిదికి ఆకలిగొన్నవారికి పెట్టుట.

సప్తమస్కంధము మరింత లోతునకు పోవుచున్నది. హిరణ్యకశిపుని చీల్చిన పిమ్మట నరసింహస్వామి ఉగ్రత శమింపలేదు. దేవతలు దూరమునుండి స్తుతించిరి. లక్ష్మీదేవి సైతము సమీపింప వెరచినది. అప్పుడు బ్రహ్మ ప్రహ్లాదుని ముందునకు పంపెను. అందరికంటె అధికముగ బాధపడినవాడు అతడు. విషము త్రాగినది అతడు, అగ్నిలో పడినది అతడు. ఇంకను కోపమును రగుల్చుటకు అధికారమున్నచో అది అతనికే యుండవలెను. ఆ బాలుడు నెమ్మదిగ నడచి, ఆ పాదములపై తల యుంచెను. ఉగ్రత ప్రసన్నతగ మారినది.

పిమ్మట వరము కోరుకొమ్మనగా, తనకు కోరికయే పుట్టకుండునట్లు అనుగ్రహింపుమనెను. తరువాత తండ్రి పాపమును క్షమింపుమని వేడెను. తన్ను చంపజూచిన తండ్రికి శాస్త్రోక్తముగ ఉత్తరక్రియలు జరిపెను. ఇతరులను సంసారమున విడిచి తానొక్కడే ముక్తి పొందుట తనకు ఇష్టము లేదని గూడ ఆ స్తుతియందు విన్నవించెను. తండ్రి చేసినది తప్పు కాదని అతడెన్నడును అనలేదు. హరినామమును ఒక్క క్షణమైనను విడువలేదు. అధర్మముతో రాజీపడకుండుట ఒకటి, అధర్మపరుని ద్వేషింపకుండుట మరియొకటి. ఈ రెండును ఒకే హృదయమున నిలుచుట ప్రహ్లాదుని మార్గము.

ఒక సందేహము

‘ఇది పురాణపురుషులకు సాధ్యము, కూలివానికి, నేతగానికి సాధ్యమా?’ అని ఎవరైన అడుగవచ్చును. ఇది తేలికగ త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఆకలిగొన్న పిల్లల ముఖము చూచి ‘నీ బాంచెను’ అన్నవానిని పిరికివాడనుటకు సుఖముగ నున్నవారికి అధికారము లేదు. బిడ్డ శవమును చూచిన తల్లికి క్షమను గూర్చి ఉపన్యసించుటయు ఉచితము కాదు. క్షమ బాధితుడు ఇయ్యవలసినది. ఇతరులు వానినుండి పిండుకొనదగినది కాదు. బ్రహ్మ ప్రహ్లాదుని పంపెనే గాని, ప్రహ్లాదుని పక్షమున తాను క్షమింపలేదు.

అయినను సుందర్‌లాల్ నివేదికయే ఈ సందేహమునకు సమాధానమును గూడ ఇచ్చుచున్నది. ఆ దినములందు పెక్కుచోట్ల హిందువులు తమ ఇరుగుపొరుగు మహమ్మదీయులను ప్రాణములకు తెగించి కాపాడిరనియు, ఒకే వృత్తివారి నడుమ ఈ స్నేహభావము మరింత బలముగ నుండెననియు, హిందూ నేతగాండ్రు మహమ్మదీయ నేతగాండ్రకొరకు తమ ప్రాణములను సైతము అర్పించిన సందర్భములు కలవనియు అందు వ్రాయబడినది. వారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. వారు పండితులు కారు. ప్రక్కమగ్గముపై కూర్చున్నవాని ముఖమును ఎరిగినవారు మాత్రమే. భయము చేరజాలని చోటు జీవునియందు కలదన్న పురాణవాక్యమునకు ఆ నేతగాండ్రే సాక్షులు.

స్వర్గమును వాగ్దానము చేయువారు

లోకచరిత్రయందు మరియొక హెచ్చరికయు కలదు. కాంబోడియాలో 1975 మొదలు 1979 వరకు పాలించిన ఖ్మేర్ రూజ్ వర్గము సమానత్వముగల ఆదర్శరాజ్యమును నిర్మింతుమనుచు పట్టణములను ఖాళీ చేయించి, ధనమును, విద్యాలయములను, మతమును రద్దుచేసినది. ఆ నాలుగేండ్లలోపల 15 నుండి 20 లక్షలమంది మరణించిరి. హిరణ్యకశిపుని తపస్సు వలెనే ఇదియు వినయములేని దీక్ష. స్వర్గమును త్వరగ తెత్తుమనువారి చేతిలో కత్తి యున్నచో జాగ్రత్తపడవలెను.

మన దేశముననే 1975 జూన్ మొదలు 1977 మార్చి వరకు అత్యవసర పరిస్థితి నడచినది. పత్రికలపై నిర్బంధము, విచారణలేని చెరసాల ఆ దినములందు ఉండెను. వెట్టిచాకిరి వ్యవస్థను రద్దుచేసిన 1976 నాటి చట్టము గూడ ఆ దినములదే. ఒక చేతితో సంకెల వేయు పాలన మరియొక చేతితో సంకెల విప్పవచ్చును. మంచిపని చేసెను గనుక ప్రశ్నింపరాదనుటయు, చెడ్డపని చేసెను గనుక దాని మంచిని గుర్తింపరాదనుటయు రెండును అవివేకములే. 1976 ఏప్రిల్‌లో అత్యున్నత న్యాయస్థానమున, అక్రమ నిర్బంధమును ప్రశ్నించు హక్కు ఆ కాలమున పౌరునికి లేదని నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే విభేదించెను. ఆ నలుగురి తీర్పు తప్పని అదే న్యాయస్థానము 2017లో ప్రకటించినది. ఒంటరి సత్యము నలుబదియొక్క ఏండ్లకు గెలిచినది.

భక్తుని కర్తవ్యము

జాగీర్లు 1949లో రద్దయినవి. భారత రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను, 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. నేడు జుక్కల్ శాసనసభ నియోజకవర్గము షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడియున్నది. గడీ ముందు చెప్పులు విడిచి నిలిచినవారి మనుమలు నేడు ఓటు అడుగుదురు, అడిగించుకొందురు. ఇది పృథువు పనిలోని భాగము. కాని కాగితముపై నున్న ఆజ్ఞ ఎంతవరకు కాపాడునో నిజాము కాలపు వెట్టి ఉత్తర్వులే చెప్పినవి. చట్టమునకు ప్రాణము పోయవలసినది జనుల నడవడి.

కావున భక్తుడు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. తన ఇంట పనిచేయు వ్యక్తి తన ఎదుట ‘నేను’ అని తలయెత్తి పలుకగలడా? దేవునికి చేయవలసిన నమస్కారమును తాను ఏ మనుష్యునికైన చేయుచున్నాడా, లేక ఎవరినుండియైన పుచ్చుకొనుచున్నాడా? ఒకని తప్పునకు వాని కులమంతటిని, మతమంతటిని నిందించు మాట చెవినబడినప్పుడు తాను మౌనము వహించెనా? ఈ ప్రశ్నలు చిన్నవి. కాని దుష్టరాజ్యము పెద్ద ద్వారమునుండి ప్రవేశింపదు; ఇట్టి చిన్న కిటికీలనుండియే ప్రవేశించును.

నరసింహుడు స్తంభమునుండి వెలువడెను. సర్వవ్యాపియైన స్వామి స్తంభమున నున్నప్పుడు పొరుగువానియందు లేడా? శత్రువని తలచినవానియందు లేడా? ఈ విశ్వాసము నిలిచినవాడు ఏ చిల్లర దేవునికిని మ్రొక్కడు. తాను చిల్లర దేవుడు కాడు. అట్టివారు ఊరికి పదిమంది యున్నచో చాలును. ఉగ్రమూర్తి ఎదుట నడచిపోయిన ఆ బాలునివలె వారు దిక్కులందు లేచిన ధూళిని అణచగలరు.